ఆరున్నర రాసుకోండమ్మా

గోనె సావుకారు పోయాడన్న కబురు నాకు ఆటో స్టాండులో తెలిసింది. టీ కొట్టు మావ గ్లాసు చేతికిస్తూ, "రేతిరి ఇజీనారం ఆస్పత్రిలో పోయాడటరా" అన్నాడు. నేనింకా గ్లాసు సరిగ్గా పట్టుకోనేలేదు, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "మరి ఆ అమ్మాయికి ఎవులు సెప్తారు?" అని అడిగాడు.

అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది. కొత్తవలస బజారంతా ఇప్పటికీ సావుకారికి ఒక అమ్మాయి ఉండేదనే నమ్ముతోంది. ఉన్న మాట నిజమే. ఆయన ఆ అమ్మాయి చెయ్యి కూడా ముట్టుకోలేదు, మనిషిని ఎదురుగా ఎన్నడూ చూడనూ లేదు. అయినా సొంత పెళ్ళానికి చెప్పని మాటలు ఆ అమ్మాయికి చెప్పాడు. అవీ సగం అబద్ధాలే.

మీరు కంగారు పడకుండా ఒక మాట ముందే చెప్పేస్తాను. సావుకారు ఏ అఘాయిత్యమూ చేసుకోలేదు. కామెర్లు ముదిరి, మంచం చుట్టూ అయినవాళ్ళంతా ఉండగా పోయాడు. గుండె మాత్రం చివరిదాకా గట్టిగానే ఉందట.

ఆయనది గోనెసంచుల వ్యాపారం. కొట్లోకి అడుగు పెడితే నార వాసన, నూనె వాసన, తుమ్ము, ఈ మూడూ వరసగా వచ్చేవి. మనిషి పొడుగ్గా, సన్నగా, నాలుగు మడతలు పెట్టి అలమారులో దాచొచ్చేమో అన్నట్టుండేవాడు. ఏ వస్తువు చేతికొచ్చినా రెండు చేతులా పైకెత్తి వెలుగులోకి పట్టి చూడడం ఆయన అలవాటు. గోనెలో చిల్లుంటే అలాగే తెలుస్తుంది మరి. జీవితమంతా ఆ పనే చెయ్యడంతో చేతులు వాటంతటవే లేచేవి. తువ్వాలు ఎత్తి చూసేవాడు. మాత్రల అట్ట ఎత్తి చూసేవాడు. ఓసారి హోటల్లో పెసరట్టు ఎత్తి వెలుగులో పట్టి, "ఇది రెండో రకంరా" అంటే సర్వరు బిక్కచచ్చిపోయాడు. సావుకారమ్మ అనేది: "పెళ్ళిసూపుల్లో నన్నలా ఎత్తి సూడలేదు, అదే సంతోసం."

ఏడో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ మాట పడక నేను బడి మానేశాను. వయసొచ్చాక ఆటో పట్టాను. సావుకారి ఆటో బేరాలన్నీ నావే. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. "ఒరే" అంటే నేనే. బజార్లో పది మంది ఒరేలున్నా, ఆ ఒరే నాదేనని నాకు తెలిసిపోయేది.

నెట్టు చవకైపోయి, మేకలు కాసేవాడి చేతిలో కూడా పెద్ద ఫోను కనపడ్డం మొదలైన ఏడాదిది. సావుకారికి గుండెల్లో పట్టేసినట్టుండేది. చెమటలు పట్టేవి. కాళ్ళు చల్లబడిపోయేవి. నేను ఆటో తీసేవాణ్ణి, విజయనగరం గుండె డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. ఈసీజీ తీసి, బాగుందనేసి, ఇంటికి పంపేసేవారు. "ఏటి సావుకారూ, ఏటన్నారు?" అని బజారు అడిగితే "గ్యాసు" అనేవాడు. మా వైపు మెడకీ మోకాలికీ మధ్య ఏమొచ్చినా గ్యాసే కాబట్టి ఎవరూ మారు మాట్లాడలేదు.

చివరికి ఆ డాక్టరే ఓ రోజు ఆయన భుజమ్మీద చెయ్యేసి చెప్పాడు. గుండెకేమీ లేదు, బాధ ఉంది, అది మనసుది. దానికి మాటల వైద్యం చేసేవాళ్ళున్నారు, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, వారానికోసారి ఫోన్లోనే కనపడి తెలుగులో మాట్లాడతారు, కొద్ది వారాలు చాలు. అలా చెప్పి ఓ నంబరు రాసిచ్చాడు. సావుకారు ఆ చీటీని కూడా ఎత్తి వెలుగులో చూశాడు.

తిరిగొస్తుంటే వెనకసీట్లోంచి అడిగాడు: "ఒరే, డాక్టరు నన్ను పిచ్చోడనేసేడా?"

"పిచ్చోళ్ళు ఆటో కిరాయి బేరమాడరండి" అన్నాను. "మీరు రానూ పోనూ కలిపి ఆడేరు. మీకేటీ లేదు."

ఆయన నవ్వలేదు. నా మాటకి సావుకారు నవ్వకపోవడం అదే మొదలు. అద్దంలోంచి చూస్తే, కదిలిపోతున్న పొలాలకేసి కాదు, తన రెండు అరచేతులకేసి చూసుకుంటున్నాడు.

మాట్లాడ్డానికి చోటు కావాలి. కింద కొట్టు, పైన ఇల్లు, ఇంట్లో అన్నదమ్ముల కుటుంబాలు. ఆ ఇంట్లో ఎవరైనా తుమ్మితే చిరంజీవ అనడానికి నాలుగు గదుల్లోంచి గొంతులు లేస్తాయి. పైగా సావుకారి భయం వేరు. "మెంటలు అన్న మాట ఒక్కసారి బజార్లో పడిందంటే మరి మాసిపోదురా. నేనిచ్చిన మాట కూడా మెంటలోడి మాటే అయిపోతాది." వ్యాపారమంతా నోటిమాట మీద నడిపిన మనిషి. ఆయన భయం నాకు అర్థమైంది.

అలా నా ఆటో ఆస్పత్రయింది. ఊరవతల కిరండూల్ రైలు పట్టాల పక్కన, లారీలు తూచే కాటా ఒకటి ఎప్పుడో మూతపడింది. అక్కడ సిగ్నలు బాగుంటుంది, జనం ఉండరు. ఆటోకి వాన తెరలు దించేసేవాణ్ణి. నా సీటు వెనక కమ్మీకి రబ్బరుబ్యాండుతో ఫోను కట్టేవాణ్ణి. చెవుల్లో పెట్టుకునే తీగలు ఆయన పెట్టనిచ్చేవాడు కాదు, "పుల్లలెట్టుకున్నట్టుంటాది" అని. అందుకని స్పీకర్లోనే. నన్ను దూరంగా పొమ్మనేవాడు. ఎంత దూరమైతే అన్నీ వినపడతాయో సరిగ్గా అంత దూరం పోయేవాణ్ణి.

మొదటి రోజు, మాటల వైద్యం చేసే ఆ అమ్మాయి అడిగింది: "మీ దగ్గర ఇంకెవరైనా ఉన్నారాండీ?"

"ఆటోవాడున్నాడమ్మా."

"ఆయన వింటే మీకు ఇబ్బందా?"

"వాడు విన్నా అర్థం కాదులెండి."

వినాలి కాబట్టి ఆ అవమానం దిగమింగాను.

చిన్న వయసు గొంతు. మా మాట కాదు, ఎక్కడిదో మెత్తటి తెలుగు. "మీకు ఎలా అనిపిస్తూ ఉంటుందండీ?" అని అడిగింది. సావుకారు చాలాసేపు ఆలోచించి చెప్పాడు: "బస్తాలోంచి గింజలు కారిపోతన్నాయమ్మా. ఎంత ఎత్తి సూసినా సిల్లెక్కడో కనపడ్డం లేదు." ఆ మాట విన్నాక నేను నిజంగానే నాలుగడుగులు అవతలికి జరిగాను.

ఎప్పట్నుంచి ఇలా ఉంది, ఏం జరిగింది అని అడిగింది ఆ అమ్మాయి. ప్లాస్టిక్ సంచులొచ్చి గోనెల గిరాకీ పడిపోయినందుకా ఈ దిగులు అని కూడా అడిగింది. "కాదమ్మా. గిరాకీ ఉన్నప్పుడూ ఉన్నాది. అప్పుడు గోనెల బేళ్ళు, ఆ పెద్ద మోపులు ఎత్తడంలో తెలీలేదు, అంతే" అన్నాడు.

తరవాత లెక్కకొచ్చింది. "సున్నా అంటే దిగులు అసలు లేనట్టు. పది అంటే భరించలేనంత. ఈ వారం మీది ఎంత ఉంటుందంటారు?"

సావుకారు సర్దుక్కూర్చున్నాడు. ఇది ఆయనకి తెలిసిన విద్య.

"మామూలుగా ఎంత నడుస్తన్నాదమ్మా?"

"అలా ఉండదండీ. మీకెంతో మీరే చెప్పాలి."

"మీరొక మాటనండి."

"నేననకూడదండీ."

"ఏడు" అన్నాడు. ఆ అమ్మాయి ఊఁ అనేలోపు, "ఆరున్నర రాసుకోండమ్మా" అని తగ్గించేశాడు.

నేను కాటా గోడ పట్టుకుని నవ్వాను. అప్పుడు నవ్వే అనుకున్నాను.

ప్రతివారం ఆ అమ్మాయి చిన్న చిన్న పనులు చెప్పేది. పొద్దున్నే కాసింత నడవండి, ఒకప్పుడు ఇష్టమైన పని ఏదో ఒకటి చెయ్యండి, పాత స్నేహితుడితో ఓ మాట మాట్లాడండి అని. సావుకారు "అలాగేనమ్మా" అనేవాడు. వారం తిరిగొచ్చి ఆటో ఎక్కాక నన్నడిగేవాడు: "ఒరే, ఈ వారం ఏటి సేసేనని సెప్పాలి? నడిసేనని సెప్పనా?"

"నడిసేరా?"

"ఇంట్లోంచి ఆటోదాకా నడిసేను కదరా."

అంకె మాత్రం వారం వారం తగ్గేది. ఆరు, అయిదున్నర, నాలుగు. మనిషేమో అంతకంతకీ సన్నబడిపోతున్నాడు. పెసరట్టు ఎత్తి చూడ్డం మానేశాడు. కొట్లో గోనె చేతికిస్తే చూడకుండానే పక్కన పడేస్తున్నాడు. అది చూసి నేనడిగేశాను: "సావుకారూ, డాక్టరు దగ్గర బేరాలేటండి? ఉన్నది ఉన్నట్టు సెప్పొచ్చు కదా?"

ఆయన నాకేసి చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. "ఆ అమ్మాయి కొట్టు తెరిసేది ఏ ఏలకో తెల్సా నీకు? పొద్దున్నే మొదటి బేరం మనదేరా. తగ్గిందమ్మా అంటే ఆ గొంతు ఎంత సంబరపడిపోతన్నాదో ఇన్నావా? పెరిగిందని సెప్పి బోణీ పాడుసేస్తామా? మొదటి బేరం తేడా కొడితే ఆ రోజంతా అంతే కదా పాపం."

అదీ సంగతి. ఎక్కడో కంప్యూటరు ముందు కూర్చున్న ఒక ఆడపిల్లకి బోణీ చెడకూడదని ఈయన తన దిగులు తగ్గించి చెబుతున్నాడు. ఆ అమ్మాయి అది నమ్మి, బాగుపడుతున్నారు, ఇంక కొద్దిగానే ఉంది అంటోంది. ఆ కొద్ది వారాలూ అయిపోతే ఆ ఫోను ఇంక మోగదు. ఆ తరవాత ఈయన ఎవరికి చెప్పుకుంటాడు? నాకున్నవి జోకులు. అవీ ఆయన దగ్గర పని చెయ్యడం మానేశాయి.

ఆ ఫోనువల్ల ఆయనకి నిజంగా ఒరిగింది ఒక్కటే. ఆ పట్టాల మీద ఇనపరాయి గూడ్సులు పోతాయి. మాటల మధ్యలో గూడ్సొస్తే ఇంకేమీ వినపడదు. "గూడ్సమ్మా" అని ఈయన అరిచేవాడు. "సరే, ఆగుదాం. పోయే పెట్టెల్నే చూడండి. ఒక పెట్టెకి గాలి పీల్చండి, ఒక పెట్టెకి వదలండి" అనేది ఆ అమ్మాయి. ఈయన తెర తీసి అలా చూస్తూ ఉండేవాడు. ఆ కాసేపూ భుజాలు కిందికి దిగేవి. గార్డు పెట్టె పోయేదాకా ఫోన్లో అమ్మాయి, ఆటోలో సావుకారు, గోడ పక్కన నేను, ముగ్గురం నోరు మూసుకుని ఊపిరి తీసుకునేవాళ్ళం.

ఈలోపు ఆ పట్టాల పక్కన మేకలు కాసేవాడొకడు తన పని తను చేశాడు. సావుకారు ఆటోకి తెరలేసుకుని ఎవరో అమ్మాయితో మాట్లాడతన్నాడు, మధ్యలో కళ్ళు తుడుసుకుంటన్నాడు అని బజారంతా చెప్పాడు. బజారు ఆ రెండూ కలిపి కథ అల్లేసింది. నేను భయపడుతూ ఈ మాట చెబితే సావుకారి మొహంలో చాలా రోజులకి వెలుగు కనపడింది.

"అలాగే అనుకోనీరా! ఆ మాటకైతే పరువు పోదు."

"సావుకారమ్మ ఇంటే?"

ఆ వెలుగు ఆరిపోయింది.

ఆవిడ విని అప్పటికే వారం అయింది. విన్నావిడ అరవలేదు, కేకలెయ్యలేదు. మొగుణ్ణి రైలెక్కించి శ్రీకూర్మం తీసుకెళ్ళి మొక్కు తీర్పించుకొచ్చింది. తిరిగొచ్చాక ఆయన నాతో అన్నాడు: "అక్కడ తాబేళ్ళని సూసేన్రా. అదృష్టవంతులు. ఎప్పుడు కావాలంటే అప్పుడు లోపలికెళిపోవచ్చు, ఎవులూ ఏటీ అడగరు."

చివరి వారం వచ్చింది. నేను కొట్టు ముందు ఆటో ఆపేసరికి సావుకారమ్మ బైటికొచ్చింది. ఆయనకంటే ముందే ఎక్కి కూర్చుంది. పసుపు రాసిన మొహం, చేతిలో చిన్న గుడ్డసంచి.

"నువ్వెక్కడికే?" అన్నాడాయన.

"మీరెక్కడికి?"

"డాక్టరు దగ్గరికి. గ్యాసు."

"నాకూ గ్యాసే. పదండి."

నేను ఇజీనారం వైపు పోనిద్దామని బండి తిప్పాను. "మేకలోడు సెప్పిన సోటికి పోనీరా" అందావిడ వెనకనుంచి. అలాగే పోనిచ్చాను. తెరలు దించి, రబ్బరుబ్యాండుతో ఫోను కట్టాను. నేను వేసిన ముడి జారిపోతే ఆవిడే సరిగ్గా వేసింది. ఆ రోజు నన్ను దూరంగా పొమ్మని ఎవరూ అనలేదు.

ఆ అమ్మాయి కనపడి ఉత్సాహంగా నమస్కారం పెట్టింది. చెంపలకి కళ్ళద్దాల నొక్కులు పడ్డ చిన్నపిల్ల. సావుకారమ్మ సీటు మూలకి ఒదిగి ఉంది, ఫోన్లో కనపడదు.

"ఈరోజుతో మన మాటలు పూర్తవుతాయండీ. ఈ వారం ఎంత చెప్పమంటారు?"

"ఒకటిన్నర అమ్మా" అన్నాడు సావుకారు. పక్కన పెళ్ళాం ఉన్నా బేరం మానలేదు. "పోనీ, ఒకటే రాసుకోండి."

"ఏటి ఒకటి?" అంది సావుకారమ్మ.

ఫోన్లో అమ్మాయి ఉలిక్కిపడింది. "ఎవరండీ అది?"

"ఈయన పెళ్ళాన్ని. నువ్వెవులమ్మా?"

ఆ పిల్ల "చెప్పమంటారాండీ?" అని సావుకారిని అడిగింది. ఆయన తల దించుకుని, "సెప్పండమ్మా. ఇంకేటి దాస్తాం" అన్నాడు.

ఆ అమ్మాయి చెప్పింది. దిగులు, భయం, గుండె పట్టేయడం, వారం వారం మాటలు. సున్నా అంటే ఏమిటో పది అంటే ఏమిటో కూడా చెప్పింది. సావుకారమ్మ ఒళ్ళో సంచి గట్టిగా పట్టుకుని అంతా విన్నది. సవితిని చూద్దామని బయల్దేరిన మనిషి. మొహంలోంచి కోపం దిగిపోయింది. ఆ కోపమే ఉండిపోయినా బాగుండేదేమో అనిపించేట్టుంది, దాని వెనకున్న దుఃఖం.

"ఒకటా?" అంది. "ఓలమ్మా, ఈ మనిషికి ఒకటా? అన్నం కలిపి కంచం ముందెట్టుకుని అలా సూస్తా కూకుంటాడు. నిద్దరోడు. నేను నిద్దరోయేననుకుంటాడు, నేనూ పోను. పెరట్లో నూతికి ఇనప మూత ఎందుకేయించేనో తెల్సా ఈయనకి? ఆకులు పడతన్నాయని సెప్పేను. మా పెరట్లో సెట్టే లేదమ్మా. తొమ్మిది రాసుకో. తొమ్మిది."

సావుకారు ఆవిడకేసి అప్పుడు చూశాడు. ఇన్నాళ్ళూ చిల్లు ఎవరికీ కనపడలేదనుకున్నాడు.

ఫోన్లో అమ్మాయి గొంతులో సంబరం పోయింది కానీ, గొంతు గట్టిపడింది. "మీ భార్య చెప్పింది నిజమేనాండీ? ఒకటి సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా?"

గూడ్సొచ్చింది. దాన్ని ఎవరూ పిలవలేదు, దాని వేళకి అది వచ్చింది. ఆటో మొత్తం అదిరిపోతోంది, ఇనపరాయి పెట్టెలు ఒకదాని వెనక ఒకటి. నేను ఈ జన్మలో అంత పొడుగు గూడ్సు చూడలేదు. సావుకారమ్మ ఆయన కండువా కొస తన వేళ్ళకి చుట్టుకుంది. ఫోన్లో ఆ పిల్ల ఎటూ కదలకుండా ఇటే చూస్తోంది. గార్డు పెట్టె పోయింది. చప్పుడు దూరమయ్యేదాకా సావుకారు ఆగాడు.

"అనిపిస్తాదమ్మా" అన్నాడు. ఆ వెంటనే, "బోణీ పాడుసేసేను" అన్నాడు.

"లేదండీ" అంది ఆ అమ్మాయి. "ఇదే బోణీ."

ఆ రోజు వాళ్ళు ముగ్గురూ మాట్లాడుకున్నారు, ఎంతసేపో నేను చెప్పలేను. ఆ మాటలు మాత్రం నిజంగా వినలేదు. పట్టాల దాకా నడిచివెళ్ళి నిలబడ్డాను. మూసేద్దామనుకున్న మాటల వైద్యాన్ని మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టారు. విశాఖలో డాక్టరు దగ్గరికి కూడా పంపించారు, ఆయన మాత్రలిచ్చాడు. ఆ తరవాత ప్రతివారం సావుకారమ్మ కూడా వచ్చేది. బేరం ఇప్పుడు మొగుడూ పెళ్ళాల మధ్య జరిగేది.

"అయిదమ్మా."

"అయిదెక్కడ? నిన్న పొద్దున్న లేవనేలేదు. ఆరున్నర."

"నిన్న కాదే, మొన్న. ఆరు."

"సరే, ఆరు రాసుకోమ్మా."

బజారు ఇదీ చూసింది. సావుకారమ్మ ఆ అమ్మాయిని ఒప్పేసుకుందని తేల్చేసింది. కొందరాడవాళ్ళు ఆవిడ ఓర్పుకి దణ్ణం పెట్టారు. ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. మొగుడి మాట నిలబెట్టడానికి సవితి ఉందనిపించుకున్న మనిషి మా బజార్లో ఆవిడొక్కర్తే.

సావుకారు పూర్తిగా బాగుపడ్డాడని చెప్పను. ఒకటికి ఎప్పుడూ రాలేదు. మూడు దగ్గర మాత్రం నిజంగా ఉన్నాడు. ఆ మూడు మీద ఇంకో రెండేళ్ళు బతికాడు, వ్యాపారం చేశాడు. ఒకనాడు హోటల్లో పెసరట్టు ఎత్తి వెలుగులో పట్టి చూస్తే, నేను ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను.

పెదకర్మ అయిపోయాక సావుకారమ్మ కబురు పెట్టింది. వెళ్తే ఆటో ఎక్కి, "కాటా దగ్గరికి పోనీరా" అంది. "ఆ అమ్మాయికి సెప్పాలి కదా."

టీ కొట్టు మావ అడిగిందీ అదే. ఆవిడ అంటే మాత్రం ఆ మాట వేరుగా వినపడింది.

ఫోను కమ్మీకి కట్టాను. ఆవిడ ఆయన కూర్చునే వైపు కూర్చుంది. ఫోనెత్తింది వేరే అమ్మాయి. పాత అమ్మాయి వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయిందట. కబురు తప్పకుండా అందిస్తానంది. సావుకారమ్మ "మంచిదమ్మా" అని, ఇంక పెట్టేద్దామని చెయ్యి చాపింది.

"మీరెలా ఉన్నారండీ?" అని అడిగిందా కొత్తమ్మాయి.

చాపిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"నేనా?"

"మీరేనండీ. సున్నా అంటే బాధ అసలు లేనట్టు, పది అంటే..."

"తెల్సమ్మా" అంది. తెర తీసి పట్టాలకేసి చూసింది. గూడ్సు లేదు, ఏమీ లేదు. ఖాళీ పట్టాలు. చాలాసేపు అలా చూసి, కొంగుతో మొహం తుడుచుకుని ఫోనుకేసి తిరిగింది.

"పది రాసుకో" అంది. "మా ఆయన్లా నేను తగ్గించి సెప్పను."